బెల్టు సంగతి తర్వాత, ముందు బోల్టు చూడండి

సంపాదకుల గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల మీద రెండు పేజీలు వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి, దాచుకున్నాను కూడా. కానీ రెండో పేజీ అడుగున బాక్సు కట్టి ఇచ్చిన చిట్కాల్లో ఒకటి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. పవర్ స్టీరింగ్ ఉన్న పాత కారులో స్టీరింగ్ తిప్పినప్పుడు కీచుమని శబ్దం వస్తే బెల్టు వదులైనట్టేనట, పంపును (ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ, ఆయిల్‌ను ఒత్తిడితో తోసి స్టీరింగ్‌ను తేలిక చేసేది) కాస్త బయటికి లాగి బెల్టు బిగిస్తే సరిపోతుందట. సరిగ్గా ఈ సలహానే నమ్మి నేను రెండేళ్లలో రెండు బెల్టులు, ఆయిల్ కారకుండా ఆపే ఒక సీలు, పంపును ఇంజిన్‌కు పట్టి ఉంచే ఒక బ్రాకెట్ పోగొట్టుకున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, బోల్టుల గురించి రాసింది మాత్రం ఉంచండి.

నా దగ్గరున్నది 1960ల నాటి వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కారు. పంపు ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ కార్లకు వచ్చిన సాగినా రకం, వెనకవైపు నీటిబొట్టు ఆకారంలో నల్లటి రేకు డబ్బా ఉంటుంది, ఆయిల్ అందులోనే. మీ వ్యాసంలో పవర్ స్టీరింగ్ ఏదో ఈమధ్య వచ్చిన విలాసం అన్నట్టు ఒక వాక్యం ఉంది గానీ, ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1920ల్లోనే పియర్స్-యారో కారుకు దాన్ని బిగించి నడిపి చూపించాడు. మామూలు జనం కొనుక్కునే కారులో మొదట వచ్చింది 1951 క్రైస్లర్ ఇంపీరియల్‌లో. ఇది నా అసలు ఫిర్యాదు కాదులెండి, రాస్తూ రాస్తూ గుర్తొచ్చింది.

అసలు విషయానికొస్తే, ఈ పంపు మీద బరువు ఎప్పుడూ ఒకేలా ఉండదు. తిన్నగా పోతున్నప్పుడు అది దాదాపు ఊరికే తిరుగుతుంది. పార్కింగ్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా మీరు స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పారనుకోండి, లోపల ఆయిల్ ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటిపోతుంది. ఆ క్షణంలో బెల్టు పంపును గట్టిగా పట్టి ఇంజిన్ వైపు లాగుతుంది. బ్రాకెట్ గట్టిగా ఉంటే పంపు కదలదు. బ్రాకెట్ వదులుగా ఉంటే పంపు ముక్కు లోపలికి వంగుతుంది, బెల్టు లూజవుతుంది, పుల్లీ మీద జారుతుంది, కీచుమంటుంది. స్టీరింగ్ వదలగానే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అప్పుడు బానెట్ ఎత్తి బెల్టు నొక్కి చూస్తే భేషుగ్గా ఉంటుంది మరి! ఇక మనం ఏం చేస్తాం, ఇంకాస్త బిగిస్తాం. బిగించిన కొద్దీ వదులుగా ఉన్న పంపు ఇంకా పక్కకు ఒరుగుతుంది, పుల్లీ వంకరగా తిరుగుతుంది, బెల్టు అంచులు కోసుకుపోతాయి, షాఫ్టు దగ్గర సీలు అరిగి ఆయిల్ చెమ్మగిల్లుతుంది. రోగం ఒకటైతే మందు ఇంకోటి వేసినట్టు.

నా కారులో జరిగింది ఇదే. మొదటి బెల్టు పోయినప్పుడు పాతది కదా అనుకున్నాను. రెండోది నాలుగు నెలలకే అంచులు పీచులు పీచులుగా లేచిపోయింది, బానెట్ లోపలి రేకు మీద దాని నల్లటి పొడి గీతలా పడింది, సరిగ్గా బెల్టు తిరిగే చోటే. మెకానిక్‌ను అడిగితే స్పానర్ పెట్టి చూపించి, "బోల్టులన్నీ టైట్‌గానే ఉన్నాయి సార్, బెల్టులే నాసిరకం" అన్నాడు. నేనూ స్పానర్ పెట్టి చూశాను. నిజంగానే టైట్‌గా ఉన్నాయి, అరంగుళం కూడా తిరగలేదు. ఇక్కడే మోసపోయాను, మీ పాఠకులూ మోసపోయేది ఇక్కడే. బోల్టు తిరగడం లేదంటే అది బ్రాకెట్‌ను నొక్కి పట్టుకుందని అర్థం కాదు.

ఒక ఆదివారం మా అమ్మాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఇంజిన్ ఆన్ చేయించాను. గేరు పార్కులో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టి. "నాన్నా, తిప్పనా?" అంది. తిప్పమన్నాను. నేను టార్చి పట్టుకుని పక్కనుంచి చూస్తున్నాను, చేతులు ఫ్యాన్‌కు దూరంగా పెట్టి (చొక్కా చేతులు మడుచుకోండి, ఆ ఫ్యాను ఎవరినీ క్షమించదు). స్టీరింగ్ చివరికి వెళ్లగానే పంపు మొత్తం, ఊగే పన్ను నాలుకతో నెట్టినట్టు, ముందుకోసారి వెనక్కోసారి కదిలింది. మహా అయితే మూడు నాలుగు మిల్లీమీటర్లు. పంపుతో పాటు బ్రాకెట్ కూడా కదులుతోంది, బ్రాకెట్ ఇంజిన్‌ను ఆనుకునే చోట తుప్పు రంగు పొడి రాలుతోంది. రెండు ఇనప ముక్కలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటేనే ఆ పొడి వస్తుంది. ఇంజిన్ ఆపి, బ్యాటరీ తీగ తీసేసి, అన్నీ విప్పాను.

విప్పితే తెలిసింది. బ్రాకెట్‌ను ఇంజిన్‌కు పట్టే బోల్టుల్లో రెండు తారుమారయ్యాయి. అంతకుముందు ఎప్పుడో ఇంజిన్ పని చేసినప్పుడు పొడుగు బోల్టు తక్కువ లోతున్న రంధ్రంలోకి, పొట్టి బోల్టు ఎక్కువ లోతున్న రంధ్రంలోకి వెళ్లాయి. పొడుగు బోల్టు వెళ్లి రంధ్రం అడుగు తాకి ఆగిపోయింది. స్పానర్‌కు అది టైటే! కానీ తలకూ బ్రాకెట్‌కూ మధ్య కాగితం దూరేంత ఖాళీ ఉంది. పొట్టి బోల్టేమో రెండు మూడు చుట్లే మరల్లో పట్టింది, ఆ భారమంతా ఆ రెండు చుట్ల మీదే పడి మర జారిపోయింది. మూడో తప్పు ఇంకా ముచ్చటైనది, పంపు వెనక నుంచి ఇంజిన్‌కు ఉండాల్సిన సపోర్టు పట్టీ అసలు లేనే లేదు. తీసిపారేసి ఉంటారు, అది లేకపోయినా బండి నడుస్తుంది కదా. అంత బరువైన పంపు ముందు పట్టు మీదే వేలాడుతూ వచ్చింది అన్నమాట, ఆ ముందు పట్టులోనూ ఒక బోల్టు ఉత్తుత్తిది, ఒకటి సగం ఊడింది. బ్రాకెట్ వంపు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉంది, గుడ్డతో తుడిస్తే గానీ కనపడలేదు, చేత్తో వంచితే రెండు ముక్కలైంది.

అందుకని పంపు వదులైందని అనుమానం వచ్చినవాళ్లు ముందు చేయాల్సిన పని బోల్టులు ఒక్కొక్కటిగా బయటికి తీసి, ఒక సన్నటి పుల్ల రంధ్రంలో పెట్టి లోతు కొలవడం. ఆ పుల్లను బోల్టు పక్కన పెట్టండి, మధ్యలో వచ్చే బ్రాకెట్ మందం, వాషర్ మందం తీసేసి చూసుకోండి. బోల్టు కొస అడుగుకు తగలకూడదు, అలాగని రెండు చుట్లతో సరిపెట్టుకోకూడదు, ఇనుములో కనీసం బోల్టు లావంత లోతు మరలు పట్టాలి. ఇదంతా ఐదు నిమిషాల పని, నేను రెండేళ్లు చేయలేదు. ఇంకోటి, అమెరికన్ పాత కార్లలో ఇవి అంగుళాల బోల్టులు. 3/8 అంగుళం బోల్టు దొరకలేదని 10 మిల్లీమీటర్లది పెట్టేవాళ్లున్నారు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, మొదట పట్టినట్టే ఉంటుంది, బలవంతాన తిప్పితే మరలన్నీ తినేస్తుంది. మర పోతే పోయింది, ఇంజిన్ బ్లాకు పోయినట్టు బెంబేలెత్తక్కర్లేదు, రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, మరలు కోసే ట్యాపు తిప్పి, స్ప్రింగు చుట్టలా ఉండే తీగ మర కూర్చోబెడితే మళ్లీ పాత సైజు బోల్టే పడుతుంది. నాకు అలాగే చేశారు, గట్టిగా ఉంది. కొన్ని ఇంజిన్లలో బ్రాకెట్‌ను పట్టే బోల్టు లోపల నీళ్లు తిరిగే చోటిదాకా వెళ్తుంది, అది తీస్తే కూలెంట్ కారుతుంది, తిరిగి పెట్టేటప్పుడు మరలకు సీలెంట్ రాయకపోతే కారుతూనే ఉంటుంది. ఇది ముందే తెలిస్తే కంగారు పడరు.

సాగినా పంపులో ఒక కిటుకు ఉంది. వెనక డబ్బా మీద కనిపించే స్టడ్‌లు (బయటికి పొడుచుకొచ్చిన మరల కడ్డీలు) పంపును బ్రాకెట్‌కు పట్టడానికే అనుకుంటాం. డబ్బాను పంపుకు బిగించి ఉంచేవీ అవే, లోపల వాటికి ఓ-రింగులు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు ఉంటాయి. పంపు ఊగుతూ ఉంటే ఈ స్టడ్‌లు కూడా వదులై డబ్బా అంచు నుంచి ఆయిల్ కారుతుంది, మనం సీలు పోయిందనో హోస్ పోయిందనో వెతుకుతూ ఉంటాం. నేను హోస్ కూడా మార్పించాను, ఖర్చుల్లో అది కలపలేదు, సిగ్గేసి.

బెల్టు టెన్షన్ చూడాల్సింది అన్నీ బిగించాకే. ఇక్కడ జనం చేసే పెద్ద తప్పు, గునపమో పెద్ద స్క్రూ డ్రైవరో ఆ రేకు డబ్బాకు ఆనించి పంపును బయటికి తన్నడం. అది పల్చటి రేకు, సొట్ట పడుతుంది, లేదా ఓ-రింగు దగ్గర వంగి కారడం మొదలవుతుంది. ఆనిస్తే ముందున్న పోత ఇనుము భాగానికే ఆనించాలి. కొన్ని బ్రాకెట్లలో రాడ్డు పెట్టి తిప్పడానికి చతురస్రపు రంధ్రం ఇచ్చి ఉంటారు, ఉంటే దాన్నే వాడండి. రెండు పుల్లీల మధ్య అడుగు దూరం ఉంటే, నడిమధ్యన బొటనవేలితో గట్టిగా నొక్కితే అరంగుళం దిగాలి, అంతకన్నా బిగిస్తే బేరింగులకు చేటు. కొత్త బెల్టయితే పావుగంట నడిపాక మళ్లీ చూడాలి, సాగుతుంది. అలాగే ఈ కార్లలో ఉండే వి-బెల్టు (అడ్డంగా కోస్తే ఇంగ్లిషు V ఆకారంలో ఉండేది) పట్టు పుల్లీ గాడి పక్క గోడల మీద ఉంటుంది, అడుగున కాదు. పాత బెల్టు అరిగి గాడి అడుగుకు దిగిపోయి, పక్కలు అద్దంలా మెరుస్తుంటే ఎంత బిగించినా జారుతుంది, దాన్ని పారేయడమే. పుల్లీ తిన్నగా ఉందో లేదో చూడ్డానికి ఒక దారం చాలు, ఇంజిన్ ముందుండి బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి పంపు పుల్లీ అంచు దాకా లాగి పట్టుకుంటే తేడా కంటికే తెలుస్తుంది.

పుల్లీ తీయాల్సి వస్తే మాత్రం సుత్తి దగ్గరికి వెళ్లకండి, దండం పెడతాను. కొన్ని పంపులకు పుల్లీ నట్టుతో ఉంటుంది, కొన్నిటికి షాఫ్టు మీదికి ప్రెస్ చేసి ఎక్కించి ఉంటుంది. ఈ రెండో రకాన్ని తీయడానికి పుల్లర్, ఎక్కించడానికి షాఫ్టు ముక్కులో మరతో పట్టే టూలు కావాలి. సుత్తితో కొడితే షాఫ్టు వెనక్కి వెళ్లి లోపలున్న రోటరును, బ్లేడ్లను గుద్దుతుంది, ఆ తర్వాత పంపు మూలుగుతూనే ఉంటుంది.

ఆయిల్ విషయం క్లుప్తంగా. కారు మాన్యువల్ ఏది పోయమంటే అదే, కొన్ని పాత కార్లకు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయమని ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం చచ్చినా వద్దు, సీళ్లు ఉబ్బిపోతాయి. ఆయిల్‌లో చేరిన గాలి తీయాలంటే, కారు ముందు వైపు చక్రాలు రెండూ స్టాండ్ల మీద పైకెత్తి, ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఓ ఇరవై సార్లు నెమ్మదిగా తిప్పండి, మధ్యమధ్యలో ఆయిల్ పోస్తూ. ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. డబ్బాలో తెల్లటి నురగ కనిపిస్తే ఇంకా గాలి ఉన్నట్టు, ఆపేసి కాసేపు వదిలేయండి. అలవాటుగా స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే బిగబట్టి ఉంచేవాళ్లుంటారు, ఐదు సెకన్లకు మించి వద్దు, ఆయిల్ కాగిపోతుంది.

నా కారుకు సపోర్టు పట్టీ మళ్లీ చేయించి పెట్టాను, బ్రాకెట్ మార్చాను, బోల్టులు వాటి వాటి రంధ్రాల్లోకి వెళ్లాయి. పట్టిన సమయం ఒక పగలు. అప్పుడు వేసిన మూడో బెల్టే ఇప్పటికీ ఉంది. మా అమ్మాయి ఇప్పటికీ ఎక్కడైనా పాత కారు కీచుమంటే "నాన్నా, పన్ను ఊగుతోంది" అంటుంది.

వచ్చే ఆదివారం ఆ చిట్కా కింద చిన్న సవరణ వేయండి. బెల్టు బిగించే ముందు ఎవరినైనా స్టీరింగ్ తిప్పమని, పంపు కదులుతోందేమో పక్కనుంచి చూడండి, అని ఒక్క వాక్యం. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేస్తే సంతోషం.

ఇట్లు,
మీ పాత చందాదారు