తప్పు లెక్కతో పాటు నియమమూ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లోనూ పిల్లల పేజీల్లోనూ 'ఈ తప్పు లెక్కను ఒప్పు చేయండి' అనే పజిళ్లు తరచుగా కనిపిస్తున్నాయి. కనిపించాలి కూడా. మూడు నాలుగు అంకెలు, రెండు గుర్తులు, జరపడానికి ఒక్క పుల్ల. ఇంత తక్కువ సరంజామాతో పెద్దవాళ్లనూ పిల్లలనూ ఒకే కాగితం ముందు కూర్చోబెట్టే ఆటలు ఎక్కువ లేవు. అయితే లెక్క వేస్తున్నారు గానీ దాని నియమం వేయడం లేదు. మరుసటి వారం ఒకే జవాబు ప్రకటించి, అంతే నిజమైన ఇంకో జవాబు కనిపెట్టినవాళ్లను తప్పు రాసినవాళ్లలో కలిపేస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. ఈ పజిళ్ల విలువంతా నియమంలోనే ఉంది.

బాగా తెలిసిన 6 + 4 = 4 చూడండి. అంకెలు కాలిక్యులేటర్‌లో కనిపించే ఆకారంలో అగ్గిపుల్లలతో పేర్చి ఉంటాయి. ఒక్క పుల్ల జరపాలి. 6 నడుమ ఉన్న అడ్డపుల్లను తీసి, కుడివైపు పైన ఖాళీగా ఉన్నచోట నిలబెడితే 0 + 4 = 4. అలా కాకుండా ప్లస్‌లోని నిలువుపుల్లను తెచ్చి అదే ఖాళీలో పెడితే 8 − 4 = 4. ఇంకొకటి: 6కు ఎడమవైపు కిందున్న పుల్ల తీస్తే 5 అవుతుంది, ఆ పుల్లను చివరి 4 నెత్తిన అడ్డంగా పెడితే 9 అవుతుంది; 5 + 4 = 9. ఈ మూడోది చెల్లాలంటే కింద అడ్డపుల్ల లేని 9ని కూడా 9గా ఒప్పుకోవాలి. 9ని ఐదు పుల్లలతో పేర్చేవాళ్లున్నారు, ఆరుతో పేర్చేవాళ్లున్నారు. ఏది వాడారో బొమ్మలో చూపకపోతే, మూడో జవాబు పంపిన పాఠకుడిది తప్పని తేల్చే హక్కు పత్రికకు లేదు.

ఇంకో దొడ్డిదారి కూడా ఉంది. 6లోంచి ఒక పుల్ల తీసి 5 చేసి, ఆ పుల్లను సమానం గుర్తు మీద ఏటవాలుగా పెడితే 'సమానం కాదు' అనే గుర్తు వస్తుంది. 5 + 4 అనేది 4కు సమానం కాదు, నిజమే. ఈ ఎత్తు ఒక్కసారి తెలిస్తే ఇంచుమించు ప్రతి తప్పు లెక్కా క్షణంలో ఒప్పవుతుంది, ఆలోచించడానికి ఏమీ మిగలదు. 5 + 5 + 5 = 550కి ఒక్క గీత కలపమన్నప్పుడు చాలామంది చేసేదీ ఇదే. అసలు జవాబు ఎంతో అందమైనది: ప్లస్ ఎడమకొసను దాని పైకొసతో కలుపుతూ ఏటవాలుగా గీత గీస్తే అది 4 అయి, 545 + 5 = 550 వస్తుంది. రెండో ప్లస్ మీద గీసినా 5 + 545 = 550. రెండూ ఒప్పే. 'చివరికి మిగిలేది సమీకరణమే కావాలి' అన్న ఒక్క వాక్యం వేస్తే దొడ్డిదారి మూసుకుపోతుంది, అందమైన జవాబుకు చోటు దొరుకుతుంది.

అలాగని సమానం గుర్తును అసలు ముట్టుకోవద్దని గుడ్డిగా నిషేధించడం కూడా నష్టమే. ఈ గుర్తును 1557లో వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ ప్రవేశపెట్టినప్పుడు ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలనే ఎంచుకున్నాడు. అందులోంచి ఒక గీత తీస్తే మిగిలేది మైనస్, మైనస్‌కు ఒక గీత కలిపితే అయ్యేది సమానం. ఎన్నో మంచి పజిళ్లు దీని మీదే నిలబడ్డాయి. 30 − 33 = 3 ఉంది. సమానంలో ఒక పుల్ల తీసి మైనస్‌కు కలపండి: 30 = 33 − 3. ఇదే లెక్కకు 'పుల్ల' బదులు 'ఒక అంకె జరపండి' అని రాస్తే పజిలే మారిపోతుంది. 33లో రెండో 3ను పైకెక్కించి ఘాతం చేస్తే 30 − 3³ = 3, ఎందుకంటే 3 ఘనం 27. అదే 3ను తీసుకెళ్లి కుడివైపు 3 మీద ఎక్కించినా 30 − 3 = 3³. కదిలేది పుల్లా, అంకా అన్న ఒక్క మాట చెప్పకపోతే ఈ మూడూ నిజమైన జవాబులే. 62 − 63 = 1 కూడా ఇలాంటిదే: పుల్ల జరిపితే 62 = 63 − 1, అంకె జరిపితే 2⁶ − 63 = 1.

ఏది సులువు, ఏది కష్టం అన్నది కూడా ఊహించి రాయనక్కర్లేదు. గ్యుంటర్ క్నోబ్లిష్, స్టెలాన్ ఓల్సన్, మరో ఇద్దరు పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనం రోమన్ అంకెల పుల్లల పజిళ్ల మీదే జరిగింది. పుల్లలతో రోమన్ 4 = 3 + 3 (IV = III + III) పేర్చి ఇస్తే, 4లో ఎడమనున్న నిలువుపుల్లను కుడివైపుకు మార్చి 6 చేయడం చాలామందికి తేలిక. 4 = 3 − 1 ఇచ్చి, గుర్తుల మధ్య పుల్ల మార్చి 4 − 3 = 1 చేయమంటే అంతకన్నా కష్టం. లెక్కల్లో సంఖ్యలు మారడం మనకు అలవాటే, గుర్తులు మారడం అలవాటు లేదు. 3 = 3 + 3 ఇంకా కష్టం: ప్లస్‌లో నిలువుపుల్లను అడ్డంగా తిప్పి 3 = 3 = 3 చేయాలి. రెండు సమానం గుర్తులున్న లెక్క ఉండొచ్చన్న ఆలోచనే రాదు. 11 = 3 + 3లో పదికి రాసే ఇంటూ ఆకారాన్ని విడదీసి ఐదు చేసి 6 = 3 + 3 తేవడమూ కష్టమే, ఎందుకంటే ఆ ఆకారంలోని గీతలకు విడివిడిగా అర్థం లేదు. వరసగా నాలుగు వారాలు పజిళ్లు వేసేటట్టయితే ఈ క్రమం పాటించండి.

'మేధావులే చేయగలరు', 'వందలో ఒక్కరికే సాధ్యం' లాంటి శీర్షికలు దయచేసి మానండి. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇలాంటి పజిళ్లలో అన్నిటికన్నా కష్టమైన రకాన్ని ఆరోగ్యవంతుల్లో 43 శాతం మంది సాధిస్తే, మెదడు ముందుభాగంలో పక్కవైపు దెబ్బతిన్న రోగుల్లో 82 శాతం మంది సాధించారు. అలవాటైన దారిని పట్టుకుని వదలకపోవడమే ఇక్కడ అడ్డు. తెలివిని తూచే తక్కెడలుగా వీటిని అమ్మితే, జవాబు రాని పిల్లలు తమను తాము తక్కువ చేసుకుంటారు.

కాగితం తిరగేసే రకం వేసేటప్పుడు అచ్చు గురించి జాగ్రత్త కావాలి. 8 + 8 = 91ని తలకిందులు చేస్తే 16 = 8 + 8. ఇక్కడ 0, 1, 8 తిరగేసినా అవే, 6, 9 ఒకదానికొకటి మారతాయి. కానీ 1కి నెత్తిన ముక్కూ కింద పీటా ఉన్న అక్షరశైలిలో అచ్చువేస్తే తిరగేశాక అది 1లా కనిపించదు. 2, 5 కాలిక్యులేటర్ ఆకారంలోనే తిరగేసినా నిలుస్తాయి, మామూలు అచ్చులో నిలవవు. పుల్లల పజిళ్లలోనూ అంతే. మైనస్‌ను కీబోర్డులోని పొట్టి గీతతో కొట్టి, సమానం గుర్తును పొడుగ్గా వేస్తే, ఒకదాని పుల్ల ఇంకోదానికి సరిపోతుందని పాఠకుడికి తోచదు. ఇవి టైపు చేయకుండా ఒకే కొలత పుల్లలతో బొమ్మ గీయించాలి.

నిజం కాని జవాబును నిజమని వేయడం మాత్రం క్షమించరానిది. రోమన్ అంకెల్లో 23 ÷ 7 = 2 (XXIII ÷ VII = II) ఇచ్చి, 23లోంచి ఒక పుల్ల తీసి 2 నెత్తిన పెట్టి 'పై' గుర్తు చేసి, 22 ÷ 7 = పై అని చెప్పే పజిల్ చాలాచోట్ల ఉంది. ఎత్తు చమత్కారంగా ఉంది, సమీకరణం మాత్రం అబద్ధం. 22 ÷ 7 అంటే 3.142857..., పై అంటే 3.141592.... పై విలువ 22 ÷ 7 కన్నా తక్కువని ఆర్కిమిడీస్ రెండు వేల ఏళ్ల కిందటే నిరూపించాడు. బడిపిల్లలు ఆ రెండూ ఒకటే అనుకుంటే, ఆ పొరపాటు చాలాకాలం వదలదు. 'సుమారుగా సమానం' అని అడిగితే పేచీ లేదు.

1 + 4 = 5, 2 + 5 = 12, 3 + 6 = 21, అయితే 8 + 11 ఎంత అన్న రకం వేరే జాతి. పై వరస జవాబును కలుపుకుంటూ పోతే 40, మొదటి సంఖ్యతో రెండోదాన్ని గుణించి మొదటిదాన్ని కలిపితే 96. మధ్యలో వదిలేసిన వరసలు (4 + 7 నుంచి 7 + 10 వరకు) నింపి కలుపుకుంటూ పోయినా 96 వస్తుంది. ఇక్కడ ప్లస్ అర్థమే చెప్పలేదు కాబట్టి ఏ జవాబూ తప్పు కాదు. పోటీకి ఇది పనికిరాదు. 11 + 3 = 2 ఎప్పుడు నిజం (గడియారంలో), 7 + 7 = 16 ఎప్పుడు నిజం (పదులకు బదులు ఎనిమిదుల్లో లెక్కించినప్పుడు: ఒక ఎనిమిది, ఆరు) అని అడిగితే అంతకన్నా మేలు.

అచ్చుకు ముందు పరీక్షించడానికి చిన్న పట్టిక చాలు. కాలిక్యులేటర్ ఆకారంలో 0కి 6 పుల్లలు, 1కి 2, 2, 3, 5లకు తలా 5, 4కి 4, 6కి 6, 7కి 3, 8కి 7, 9కి 6. అంకెలోనే ఒక పుల్ల జరిపితే 0, 6, 9 ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి. 2 నుంచి 3, 3 నుంచి 5, తిరిగి వెనక్కూ వస్తాయి. 2ను 5 చేయడానికి రెండు కావాలి. ఒక పుల్ల కలిపితే 0 నుంచి 8, 1 నుంచి 7, 3 నుంచి 9, 5 నుంచి 6 లేదా 9, 6 నుంచి 8, 9 నుంచి 8. తీస్తే ఇవే తలకిందులు. ముందు ఒక నిజమైన సమీకరణం రాసుకుని, ఒక పుల్ల జరిపి దాన్ని చెడగొట్టండి. తర్వాత పుల్ల ఇవ్వగల ప్రతి అంకె, గుర్తు దగ్గర మొదలుపెట్టి, తీసుకోగల ప్రతిదాని దగ్గరా పెట్టి చూడండి. విడి పుల్లను 1గా, ముందుండే మైనస్‌గా వాడే అవకాశమూ చూడాలి. లెక్కలో రెండంకెల సంఖ్యలుంటే పని పెరుగుతుంది, అయినా అరగంట పట్టదు.

అచ్చువేసేటప్పుడు లెక్క కింద ఇలా ఉంటే సరిపోతుంది: 'ఒక్క పుల్ల మాత్రమే జరపాలి. విరవకూడదు, పక్కన మిగల్చకూడదు. చివరికి సమీకరణమే మిగలాలి. అంకెల ఆకారాలు పక్క బొమ్మలో ఉన్నాయి. జవాబులు మూడు.' జవాబుల సంఖ్య ముందే చెబితే, ఒకటి దొరికినవాళ్లు పేజీ తిప్పేయకుండా మిగతా రెండింటి కోసం వెతుకుతారు.

ఇట్లు,
పజిళ్లు కూర్చే ఒక పాఠకురాలు