స్కాట్లాండ్ పొత్తు లెక్క

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. గ్లాస్గోలో పదికి పది నియోజకవర్గాలు గెలిచిన లేబర్‌కు జాబితాలో ఒక్క సీటూ ఎందుకు రాలేదు, అది అన్యాయం కాదా అని అడిగావు. సరైన చోటే పట్టుకున్నావు. స్కాట్లాండ్ పార్లమెంటుకు 1999 మే 6న జరిగిన ఆ మొదటి ఎన్నికలో ఈ ఒక్క లెక్కా తెలిస్తే, లేబర్, లిబరల్ డెమొక్రాట్ల సంకీర్ణం ఎందుకు వచ్చిందో, ఎనిమిదేళ్లు ఎలా నిలిచిందో నీకే తెలిసిపోతుంది. ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, తీరిగ్గా చదువు.

అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి నియోజకవర్గంలో నిలబడ్డ మనిషికి. అది మన అసెంబ్లీ ఎన్నికలాగే, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. ఈ సీట్లు 73. రెండోది పార్టీకి. దేశాన్ని ఎనిమిది ప్రాంతాలు చేసి, ప్రాంతానికి ఏడు చొప్పున 56 జాబితా సీట్లు పెట్టారు, అంటే పార్టీ ముందే ఇచ్చిన పేర్ల జాబితాలోంచి నింపేవి. మొత్తం 129, మ్యాజిక్ ఫిగర్ 65.

ముందు నియోజకవర్గాల ఫలితాలు తేలాలి, ఆ తర్వాతే జాబితా లెక్క. ఒక్కో పార్టీకి ఆ ప్రాంతంలో పడ్డ పార్టీ ఓట్లు తీసుకుంటారు. ఆ పార్టీ అప్పటికే అక్కడ గెలిచిన సీట్లకు ఒకటి కలిపి, దాంతో భాగిస్తారు. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లకు ఒక సీటు. సీటొచ్చిన పార్టీకి భాజకం ఒకటి పెరుగుతుంది, మళ్లీ లెక్క. ఇలా ఏడుసార్లు.

ఇప్పుడు గ్లాస్గోకి రా. లేబర్‌కు పార్టీ ఓట్లు లక్షా పన్నెండు వేల పైచిలుకు. పది సీట్లు ముందే గెలిచింది కనుక 11తో భాగించాలి, పదివేల రెండొందల చిల్లరకు దిగిపోయింది. స్కాటిష్ నేషనల్ పార్టీకి 65 వేల చిల్లర, ఒక్క నియోజకవర్గమూ రాలేదు కనుక ఒకటితోనే భాగింపు. మొదటి సీటు వాళ్లదే. రెండుతో భాగించినా 32 వేల పైన, రెండో సీటూ వాళ్లదే. మూడుతో భాగిస్తే 21 వేల చిల్లర, మూడోదీ అంతే. అప్పుడు 20 వేల ఓట్లున్న కన్సర్వేటివ్‌లకు వంతొచ్చింది. తర్వాత 18 వేల అయిదొందల దగ్గర స్కాటిష్ సోషలిస్టులు, వాళ్ల వెనకే నూరు చిల్లర ఓట్ల తేడాతో లిబరల్ డెమొక్రాట్లు. ఏడో సీటు మళ్లీ నేషనల్ పార్టీకి, నాలుగుతో భాగించినా 16 వేల పైన ఉంది మరి. లేబర్ దాకా వంతు రానే లేదు.

అన్యాయమా అంటే, కాదురా. గ్లాస్గో మొత్తం 17 సీట్లలో లేబర్‌కు 10 దక్కాయి, పార్టీ ఓట్లు చూస్తే నూటికి 44. ఆ లెక్కన చూసినా వాళ్లకు వాటా కంటే ఎక్కువే ముట్టింది. గ్లాస్గోలోని గోవన్ నియోజకవర్గంలో ఓడిన నేషనల్ పార్టీ నికోలా స్టర్జన్ సభలోకి వచ్చింది ఈ జాబితాలోంచే. తర్వాత ఆవిడే ఫస్ట్ మినిస్టర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలోకి వచ్చారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెండో ఓటంటే రెండో ఇష్టం అనుకుంటారు. కాదు, అది వేరే ఓటు, సభలో బలాబలాలు తేల్చేది చాలావరకు అదే. లోథియన్స్ ప్రాంతంలో గ్రీన్ పార్టీ రాబిన్ హార్పర్ గెలిచింది దాంతోనే.

దేశం మొత్తం మీద చూడు. లేబర్‌కు నియోజకవర్గాల్లో 39 శాతం ఓట్లు కూడా పూర్తిగా రాలేదు, 73లో 53 సీట్లొచ్చాయి. కన్సర్వేటివ్‌లకు 15 శాతం పైన ఓట్లు, నియోజకవర్గం ఒక్కటీ లేదు. మన ఆంధ్రలో 2024లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 175లో 11 సీట్లే వచ్చాయి చూడు, ఒంటి ఓటు పద్ధతి చేసే పని అది. అక్కడ జాబితా దాన్ని సరిదిద్దింది: కన్సర్వేటివ్‌లకు 18, నేషనల్ పార్టీకి 28, లిబరల్ డెమొక్రాట్లకు 5, లేబర్‌కు 3. అన్నీ కలిపితే లేబర్ 56, నేషనల్ పార్టీ 35, కన్సర్వేటివ్ 18, లిబరల్ డెమొక్రాట్లు 17, గ్రీన్ ఒకటి, సోషలిస్టు ఒకటి. మిగిలిన ఒక్కరూ డెనిస్ కానవన్. లేబర్ టికెట్ ఇవ్వకపోతే ఫాల్కర్క్ వెస్ట్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచాడు.

లేబర్‌కు తొమ్మిది తక్కువ. మిగతా మూడు పెద్ద పార్టీలూ కలిస్తే 70, కానీ స్కాట్లాండ్‌కు స్వాతంత్ర్యం కావాలనే నేషనల్ పార్టీ, కన్సర్వేటివ్‌లు ఒకే మంత్రివర్గంలో కూర్చోవడం జరిగే పని కాదు. కాబట్టి మిగిలిన దారి 56కు 17 కలపడం, 73.

ఇక బేరం. గడువు చట్టంలోనే ఉంది: ఎన్నికైన 28 రోజుల్లో సభ ఫస్ట్ మినిస్టర్ పేరు తేల్చాలి, లేకపోతే మళ్లీ ఎన్నికలే. గవర్నరు ఎవరిని పిలుస్తారో అన్న ఉత్కంఠ అక్కడ లేదు. సభ ఓటేసి పేరు పంపుతుంది, అప్పట్లో రాణి నియమించేది. మే 12న సభ్యులు ప్రమాణం చేశారు. వయసులో అందరికంటే పెద్దావిడ విన్నీ యూయింగ్ అధ్యక్ష స్థానంలో కూర్చుని, 1707 మార్చి 25న వాయిదా పడ్డ స్కాట్లాండ్ పార్లమెంటు తిరిగి సమావేశమైందని ప్రకటించారు. ఆ ఘట్టం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుందిరా. మర్నాడు ఫస్ట్ మినిస్టర్ పదవికి లేబర్ నాయకుడు డొనాల్డ్ డ్యూవర్‌కు 71 ఓట్లొచ్చాయి.

బేరం చిక్కుకున్నది యూనివర్సిటీ ఫీజు దగ్గర. 1998లో లండన్‌లోని లేబర్ ప్రభుత్వం ఏడాదికి వెయ్యి పౌండ్లు ముందే కట్టాలని పెట్టింది. దాన్ని ఎత్తేస్తామని లిబరల్ డెమొక్రాట్లు మాటిచ్చారు. నేషనల్ పార్టీ, కన్సర్వేటివ్‌లు కూడా ఎత్తేయాలన్నవాళ్లే. అంటే ఆ ఒక్క విషయం సభలో ఓటింగ్‌కు వస్తే లేబర్ ఓడిపోతుంది. పొత్తు కుదరక ముందే విరిగే చోటు అది.

వాళ్లు ఏం చేశారో చూడు. ఒప్పందం కాయితం మీద పెట్టారు, ఏ శాఖలో ఏం చేస్తామో రాసుకున్నారు. తేలని ఫీజు సంగతిని దాచిపెట్టకుండా, స్వతంత్ర కమిటీకి ఇస్తామని అందులోనే రాశారు. లిబరల్ డెమొక్రాట్ల నాయకుడు జిమ్ వాలెస్ మాట తప్పాడని తిట్టిపోశారు జనం. ఆయన ఆ తిట్లన్నీ పడ్డాడు. ఆండ్రూ క్యూబీ కమిటీ 1999 డిసెంబరులోనే నివేదిక ఇచ్చింది: ముందు కట్టే ఫీజు తీసేయండి, చదువయ్యాక జీతం 25 వేల పౌండ్లు దాటినవాళ్ల దగ్గర మూడు వేలు తీసుకోండి అని. ప్రభుత్వం దాన్ని రెండు వేలకు తగ్గించింది, కానీ జీతం గడప పదివేలకు దించింది. 2000 నుంచి స్కాట్లాండ్ విద్యార్థులకు ముందస్తు ఫీజు పోయింది. గడప దించడం నాకు నచ్చలేదు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి మీద పడింది ఆ బరువు. అయినా విరగాల్సిన చోట పొత్తు విరగలేదు.

పదవుల్లో చిన్న పార్టీ పెద్దగా ఏమీ తీసుకోలేదు. పదకొండు మంది కేబినెట్‌లో ఇద్దరే: ఉప ఫస్ట్ మినిస్టర్‌గా, న్యాయశాఖకు వాలెస్, గ్రామీణ వ్యవహారాలకు రాస్ ఫినీ. వాళ్ల బలమంతా ఆ కాయితంలో ఉంది. అందుకే 2000 అక్టోబరులో డ్యూవర్ చనిపోయినా, తర్వాతొచ్చిన హెన్రీ మెక్‌లీష్ ఏడాదికే దిగిపోయినా, జాక్ మెకానల్ వచ్చినా ప్రభుత్వం పడలేదు. ఆ మధ్య ఖాళీల్లో వాలెసే నడిపించాడు.

2003లో లేబర్ 50కి తగ్గింది, 17తో కలిపి 67. ఈసారి లిబరల్ డెమొక్రాట్లు అడిగిన ధర పెద్దది: స్థానిక ఎన్నికల్లో అభ్యర్థులకు 1, 2, 3 అని ఇష్టం రాసే పద్ధతి. లేబర్‌కు అది సొంత కోటల తాళంచెవులు ఇచ్చేయడమే. ఇచ్చారు. 2007లో 32 కౌన్సిళ్లలో లేబర్‌కు సొంత మెజారిటీ మిగిలింది గ్లాస్గో, నార్త్ లానార్క్‌షైర్‌లలోనే.

ఆ 2007 మే 3న పెద్ద తప్పు జరిగింది. పార్లమెంటు రెండు ఓట్లనూ ఒకే కాయితం మీద రెండు వరసల్లో అచ్చేశారు, ఎడమ పక్క పార్టీలు, కుడి పక్క అభ్యర్థులు. అదే రోజు కౌన్సిల్ కాయితం వేరే. ఒకదాని మీద ఇంటూ గుర్తు, ఇంకోదాని మీద అంకెలు. పైగా రెండు గుర్తులు పెట్టమన్నారు కదా అని, ఎడమ వరసలోనే రెండూ పెట్టేసి కుడి వరస ఖాళీగా వదిలేసినవాళ్లు ఎందరో. చెల్లని ఓట్లు లక్షా 40 వేలు దాటాయి. ఓటరు తెలివితక్కువతనం అని కొందరన్నారు, నాకు మాత్రం ఆ మాట వింటే కోపమొస్తుంది. కాయితం గీసినవాళ్ల తప్పు అది. ఆ ఎన్నికలో నేషనల్ పార్టీకి 47, లేబర్‌కు 46. ఒక్క సీటు తేడాతో ప్రభుత్వం మారింది, సంకీర్ణం అక్కడితో అయిపోయింది.

తర్వాత దిద్దుకున్నారు. 2011లో రెండు ఓట్లకూ వేరువేరు కాయితాలు, ఒకటి లేత ఊదా, ఒకటి పీచ్ రంగు. కౌన్సిల్ ఎన్నికను మరుసటి ఏడాదికి, 2012కు జరిపేశారు.

నీ
మూర్తి