నోబెల్ వచ్చినవాళ్లే రచయితలా?

ఎడిటర్ గారికి,
మీ ఆదివారం పేజీలో విదేశీ రచయిత అంటే నోబెల్ వచ్చినాయనే. టొమాస్ ఎలోయ్ మార్తినెస్ గురించి ఒక్కసారైనా వేయండి సార్. ఈయన అర్జెంటీనా జర్నలిస్టు, చంపుతామని బెదిరింపులొస్తే 1975లో దేశం విడిచి వెనిజులా పోయి, తర్వాత అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అయ్యారు, నవలలు మాత్రం స్పానిష్‌లోనే రాశారు. 1995లో వచ్చిన ‘సాంతా ఎవిత’ అర్జెంటీనా అధ్యక్షుడు హువాన్ పెరోన్ భార్య ఎవా పెరోన్ శవం కథ. మందులతో చెడిపోకుండా ఉంచిన శవాన్ని సైన్యం ఎత్తుకెళ్లి, ఊళ్లో అక్కడా ఇక్కడా దాచి, చివరికి ఇటలీలోని మిలాన్‌లో దొంగపేరుతో పాతిపెట్టింది. ఇది నిజంగా జరిగిందే! మా వరంగల్ నుంచి ఎమ్మెస్‌కని పోయిన పిల్లల్లో తెలుగులో కథలు రాసేవాళ్లున్నారు, వాళ్లు చదవాల్సిన మనిషి ఈయన. చోటు లేదంటారా, సినిమా పేజీలో అర పేజీ కోయండి, ఎవరూ అడగరు.

– ఒక పాఠకుడు, హన్మకొండ