గెలవని యుద్ధంలో పోయినవాళ్లను మరిచిపోయామా?
యుద్ధంలో పోయిన సైనికులను కూడా మనం గెలుపోటములు చూసుకునే గుర్తుపెట్టుకుంటున్నాం. జూలై 26 వస్తే మా ఊరి బడిలో కార్గిల్ వీరులకు దండలు, ప్రసంగాలు, మంచిదే. 1971 విజయానికి విశాఖ బీచ్‌రోడ్డులో స్మారకమే ఉంది. మరి 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో పనిచేసిన మన శాంతి పరిరక్షక దళం మాటేమిటి? అక్కడ ఎల్టీటీఈ తమిళ వేర్పాటువాదులతో పోరులో వెయ్యి మందికి పైగా జవాన్లు ప్రాణాలు వదిలారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. అయినా 1990 మార్చిలో దళం మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతం పలకడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. చిత్రమేమిటంటే, ఆ జవాన్లకు కొలంబో శివార్లలో స్మారకం వెలిసిన చాలా ఏళ్లకు, 2019లో గానీ ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం రాలేదు. మా వీధిలో ఒకరింట్లో శ్రీలంకలోని జాఫ్నాలో పోయిన జవాను ఫొటో ఉంది. ‘తాతయ్య ఎక్కడ పోయాడు?’ అని మనవలు అడిగితే ఆ ముసలమ్మ ‘బార్డర్‌లో’ అనేసి ఊరుకుంటుంది. శ్రీలంక అంటే అక్కడికెందుకు వెళ్లారని ఇంకో ప్రశ్న వస్తుంది, దానికి ఆమె దగ్గర జవాబు లేదు. మనకు మాత్రం ఉందా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల సాయంతో ప్రతి పంచాయతీ తన ఊరి అమరుల జాబితా తయారుచేసి, పేరు, పోయిన చోటు, సంవత్సరం రాతిపలక మీద చెక్కించాలి. ఆగస్టు 15న జెండా ఎగరేశాక ఆ పేర్లన్నీ చదివించాలి, జాఫ్నాతో సహా.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా