వార్షిక నివేదిక 2024: గోల్ఫ్ క్లబ్బుల తయారీ బృందం

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ శివార్లలోని మన తెలుగువాళ్ల గోల్ఫ్ సంఘంలో, క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) సొంతంగా బిగించుకునే బృందం తరఫున ఇస్తున్న నివేదిక ఇది. పోటీల సంగతులు క్రీడా కార్యదర్శి రాశారు, జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. నేను గరాజ్‌లో జరిగిన పని వరకే చెబుతాను.

ఈ ఏడాది మన టైమంతా తినేసినవి పిల్లల క్లబ్బులు. పీజీఏ ఆఫ్ అమెరికా (గోల్ఫ్ వృత్తి నిపుణుల సంఘం) ప్రధాన కార్యాలయం మన పక్కనున్న ఫ్రిస్కోలోనే ఉండగా మనవాడు గోల్ఫ్ ఆడకపోతే ఎలా అని చాలా ఇళ్లలో అనుకుంటున్నట్టున్నారు. నాన్నగారి పాత స్టీల్ ఐరన్లు (లోహపు పలక హెడ్ ఉన్న క్లబ్బులు) పట్టుకొచ్చి, "రెండంగుళాలు కోసిపెట్టండి, చాలు" అంటున్నారు. కోయడం నిమిషాల పని. చిక్కంతా కోశాకే, స్వింగ్ వెయిట్ దగ్గర మొదలవుతుంది.

కొత్త సభ్యుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. స్వింగ్ వెయిట్ అంటే క్లబ్బు మొత్తం బరువు కాదు. గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) చివరి నుంచి 14 అంగుళాల దగ్గర ఆనించి తూచినప్పుడు హెడ్ (బంతికి తగిలే భాగం) వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే కొలత అది. 1920లలో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన తయారుచేసిన స్కేలు పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాం. ఎ-0 నుంచి జి-10 దాకా పోతుంది, ఒక్కో అక్షరానికి పది మెట్లు. మగవాళ్ల క్లబ్బులు మామూలుగా డి-0, డి-2 దగ్గర ఉంటాయి. పార కర్రను కొసన పట్టుకుని ఎత్తితే బరువు, కిందికి జరిపి పట్టుకుంటే తేలిక. పార అదే అయినా చేతికి తెలిసే బరువు మారిపోతుంది.

అర అంగుళం పొడవు మారితే దాదాపు మూడు మెట్లు మారతాయి. అంటే రెండంగుళాలు కోసిన డి-2 ఐరన్ సి-0కి పడిపోతుంది. మరి తేలికైందా అంటే, లేదు. పోయింది ఆ కాస్త షాఫ్ట్ (క్లబ్బు కడ్డీ) ముక్క బరువు, నాలుగైదు గ్రాములో ఆరు గ్రాములో. పిల్లవాడు ఎత్తాల్సింది ఇంకా నాలుగు వందల గ్రాముల పైమాటే. పైగా పొట్టిదైన షాఫ్ట్ ఇంకా బిగుసుకుంటుంది. హెడ్ ఎక్కడుందో చేతికి తెలియదు, క్లబ్బేమో బరువుగానే ఉంటుంది. అందుకే చిన్నపిల్లల కోసం పెద్దవాళ్ల స్టీల్ ఐరన్లు కోయకూడదని బృందం నిర్ణయించింది. తేలికైన గ్రాఫైట్ షాఫ్ట్, చిన్న హెడ్ ఉన్న పిల్లల సెట్టే కొనమంటున్నాం. ఈ మాట విని ఒకరిద్దరు తల్లిదండ్రులు కాస్త నొచ్చుకున్నారు. అయినా ఈ విషయంలో మెత్తబడొద్దనే నా అభిప్రాయం. హైస్కూల్ పిల్లలకైతే అర అంగుళమో అంగుళమో తగ్గించి, హెడ్ వెనక లెడ్ టేప్ (సీసపు పట్టీ) వేసి ఇస్తున్నాం. అర అంగుళం వెడల్పు టేప్ నాలుగు అంగుళాలు అతికిస్తే సుమారు రెండు గ్రాములు, అంటే ఒక మెట్టు.

పొడుగ్గా ఉన్నవాళ్లది దీనికి ఎదురు బాధ. అర అంగుళం పెంచగానే డి-2 కాస్తా డి-5 అవుతుంది. ఇక్కడే మనలో పెద్ద వాదన జరిగింది. నాలుగైదు గ్రాములు ఎక్కువున్న గ్రిప్ వేస్తే స్కేలు ఒక మెట్టు దిగుతుంది కదా, బరువైన గ్రిప్ వేసి మళ్లీ డి-2 తెప్పించవచ్చని ఒక పక్షం. స్కేలు మీద తేవచ్చు, నిజమే. కానీ హెడ్ బరువు తగ్గలేదు, పొడవూ తగ్గలేదు, పైపెచ్చు మొత్తం బరువు ఇంకో పదిహేను గ్రాములు పెరిగింది. అది స్కేలును మభ్యపెట్టడమే అని నేను ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. తేలికైన షాఫ్ట్ వేయడమే సరైన దారి, ఖర్చు ఎక్కువైనా సరే. అందుకే ఇకమీదట ప్రతి క్లబ్బు కార్డు మీద స్వింగ్ వెయిట్ ఒక్కటే కాకుండా పొడవు, హెడ్ బరువు, మొత్తం బరువు కూడా రాయాలి. ముందు మనిషికి సరిపోయే పొడవు తేల్చుకుని, ఆ తర్వాతే బరువు జోలికి వెళ్లాలి.

డ్రైవర్ల (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడవైన క్లబ్బుల) విషయంలో వాదనలేమీ లేవు. అంగడిలో 45 నుంచి 46 అంగుళాల దాకా అమ్ముతున్నారు. బంతి హెడ్ నడిమధ్య తగలనప్పుడు పొడవు ఎంత ఉంటే ఏం లాభం? 44.5కి కోయించుకున్నవాళ్లలో ఎవరూ వెనక్కి వెళ్లలేదు. 46 నుంచి కోస్తే తొమ్మిది మెట్లు పోతాయి. స్కేలు లెక్కన 18 గ్రాములు కలపాలి. 200 గ్రాముల హెడ్‌కి అంత కలిపితే చేతికి మొద్దుగా అనిపిస్తుంది. ఎనిమిది, పది గ్రాముల దగ్గర ఆపి, ఆడి చూసుకోమంటున్నాం. పొడవు పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట: నిబంధనల్లో పరిమితి 48 అంగుళాలే అయినా, 2022 నుంచి మేటి ఆటగాళ్ల పోటీల నిర్వాహకులు కావాలంటే 46 అంగుళాల లోకల్ రూల్ (ఆ పోటీ వరకే వర్తించే నియమం) పెట్టుకోవచ్చు.

జూన్‌లో పైన్‌హర్స్ట్‌లో, ఒకే పొడవు ఐరన్లతో ఆడే బ్రైసన్ డెషాంబో రెండో యూఎస్ ఓపెన్ గెలిచాక, అన్ని ఐరన్లూ ఒకే పొడవుతో చేసిపెట్టమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మామూలు సెట్‌లో అంకె పెరిగేకొద్దీ ఐరన్ ఐరన్‌కీ అర అంగుళం తగ్గుతూ, హెడ్ సుమారు ఏడు గ్రాములు పెరుగుతూ పోతుంది. అందుకే స్వింగ్ వెయిట్ సెట్ అంతటా ఒకేలా నిలుస్తుంది. ఒకే పొడవు కావాలంటే హెడ్లన్నీ ఒకే బరువుతో పోతపోసినవై ఉండాలి. ఇంట్లో ఉన్న సెట్‌నే కోసి, అతికించి అలా మార్చడం కుదరదు. పైగా నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్లకు పొట్టి 4 ఐరన్‌తో బంతి లేవదు. కాబట్టి ఆ పని మన బృందం తీసుకోవడం లేదు.

ఎండాకాలంలో హెడ్లు ఊడిపోయాయని ఫిర్యాదులొచ్చాయి. బిగించాక ఎపాక్సీ (హెడ్ అతికించే జిగురు) ఆరడానికి ఒక రోజు వదలండి. ఆ తర్వాత కూడా టెక్సాస్ ఎండలో కారు డిక్కీలో క్లబ్బులు ఉంచొద్దు.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన: క్లబ్బును ఊపితే ఎంత ఎదురు తిరుగుతుందో, అంటే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, నేరుగా కొలిచే పరికరం కొనాలని. దాని ప్రకారం జతచేస్తే ఐరన్ల మధ్య తేడా అర అంగుళం కన్నా కొంచెం తగ్గుతుంది. ధర ఎక్కువే కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. ఆ రోజు మీ 7 ఐరన్ వెంట తెచ్చుకోండి, మీ ముందే తూచి చూపిస్తాం.

ఇట్లు,
తయారీ బృందం కన్వీనర్