ఎయిర్ ఫ్లో సెన్సార్ లెక్క తేల్చిపెట్టిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

మా టూ-సీటర్ కారు మళ్ళీ 6,000 ఆర్‌పీఎం దాకా బిగువుగా లాగుతోంది. 2.7 లీటర్లు, ఆరు సిలిండర్లు, టర్బో లేని పాత పెట్రోల్ ఇంజిన్. అది పీల్చే గాలిని కొలిచేదే ఈ ఎయిర్ ఫ్లో సెన్సార్. పి0171, పి0174 కోడ్లు రెండూ కలిసి వచ్చాయి. అంటే రెండు బ్యాంకుల్లోనూ (సిలిండర్ల వరసల్లోనూ) గాలికి తగ్గ పెట్రోల్ పడటం లేదని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఫిర్యాదు. "సెన్సార్ మార్చేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, కొలిచి చూడమని పట్టుబట్టిన వాళ్ళకే ఈ పోస్టు. ఎవరి సలహా ఎక్కడ పనికొచ్చిందో అంకెలతో సహా రాస్తున్నాం. ఇవే కోడ్లతో తల పట్టుకున్న ఇంకొకరికి అక్కరకొస్తాయి.

ముందు బెంగళూరు అన్నకు. ఫ్యూయల్ ట్రిమ్‌ను (ఈసీయూ తన లెక్క మీద పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెను) ఒక్కచోట కాదు, ఐడ్లింగ్‌లో ఒకసారి, 3,000 ఆర్‌పీఎం దగ్గర లోడ్ మీద ఇంకోసారి చూడమన్నది ఆయనే. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని దాచుకున్నది) రెండూ కలిపి లెక్కేయాలి. సెన్సార్ తర్వాత ఎక్కడైనా గాలి లీకైతే ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా పెరిగి, ఆర్‌పీఎం పెంచేకొద్దీ తగ్గుతుంది. ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తున్నప్పుడు ఆ చిన్న కంత వాటా ఏపాటిది! మా బండిలో దీనికి తలకిందులు: ఐడ్లింగ్‌లో ప్లస్ 2 శాతం, లోడ్ మీద ప్లస్ 16. అయినా అనుమానం మిగలకూడదని స్మోక్ మెషీన్ పంపిన తమ్ముడికి థాంక్స్. అర పీఎస్‌ఐ ఒత్తిడితో పొగ ఎక్కించి రబ్బరు బూటు, క్లాంపులు, ఆయిల్ మూత, బ్రీతర్ గొట్టాలు అన్నీ చూశాం. ఎక్కడా చుక్క పొగ బయటికి రాలేదు.

సెన్సార్ ప్లగ్ పీకి నడిపి చూడమని చాలామంది చెప్పారు. అందరికీ కృతజ్ఞతలే గానీ, ఆ పరీక్షను మరీ నమ్ముకోవద్దు. ప్లగ్ పీకగానే ఈసీయూ థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఆర్‌పీఎం ఎంత అన్న దాన్నిబట్టి గాలిని అంచనా వేసుకుంటుంది. అప్పుడు బండి హుషారుగా లాగితే సెన్సార్ తప్పు చెబుతోందనడానికి ఒక సూచన, అంతే. పైగా కొత్త కోడ్ ఒకటి పడుతుంది.

విజయవాడ ఆటోనగర్ వైరింగ్ మేస్త్రిగారికి ప్రత్యేకంగా నమస్కారాలు. సెన్సార్ కన్నా ముందు దానికి వచ్చే కరెంటు చూడమన్నారాయన. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర తీగ సెన్సార్ ఎర్త్ పిన్నుకు వెనకనుంచి ఆనించాలి. 0.1 వోల్ట్ దాటితే ఎర్త్ బాగోలేనట్టు. మాకు 0.02 వచ్చింది. సప్లై 13.9, రిఫరెన్స్ 5.0, రెండూ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి సిగ్నల్ పిన్ను చూడాలి. ఈ రకం ఐదు పిన్నుల హాట్ ఫిల్మ్ సెన్సార్‌లో (వేడి ఫిల్మ్ నుంచి గాలి ఎంత వేడి లాక్కుందో చూసి కొలిచే రకం) గాలి కదలనప్పుడు దాదాపు 1.0 వోల్ట్ ఉండాలి. మాది 1.09. అక్కడ మొదటిసారి దొంగ దొరికినట్టనిపించింది. అన్ని సెన్సార్లకూ ఇదే అంకె వాడకండి, కొన్ని అసలు వోల్టేజీ కాకుండా హెర్ట్జ్‌లో సిగ్నల్ ఇస్తాయి.

అసలు ముడి విప్పింది డెట్రాయిట్ అక్క. ట్రిమ్ ఒక్కటే చూస్తే సెన్సార్‌కూ బలహీనపడ్డ పెట్రోల్ పంపుకూ తేడా తెలియదని, ఇంజిన్ పీల్చాల్సిన గాలిని చేత్తో లెక్కేయమని రాశారు. లెక్క ఇదీ: ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకోసారి తన సామర్థ్యమంత గాలి పీలుస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర 2.7 × 3,000 = నిమిషానికి 8,100 లీటర్లు, అంటే సెకనుకు 135 లీటర్లు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కనుక ఇక్కడి గాలి ఒత్తిడి 95 కిలోపాస్కల్‌ల దరిదాపు. లోపలికి వెళ్ళే గాలి 32 డిగ్రీలుంటే లీటరు బరువు 1.085 గ్రాములు. అదే వేడికి విశాఖ సముద్రపు ఒడ్డున 1.157 ఉంటుంది. ఈ సవరణ వదిలేస్తే మంచి సెన్సార్ మీద కూడా నింద పడుతుంది. 135ను 1.085తో గుణిస్తే సెకనుకు 146 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అందులో 85 నుంచి 90 శాతం, అంటే 125 నుంచి 132 గ్రాములు చూపించాలి.

డైనో (బండిని ఒకేచోట నిలిపి చక్రాలను రోలర్ల మీద తిప్పే యంత్రం) మీద మూడో గేర్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిచి లాగ్ తీస్తే 6,000 దగ్గర వచ్చింది 96. అంటే 66 శాతం. (రోలర్లు ఇచ్చిన మిత్రుడికి ఎంత చెప్పినా తక్కువే. ఈ పరీక్ష రోడ్డు మీద చేయకండి.)

ఆ అంకెను ఎలా చదవాలో కూడా అక్కే చెప్పారు. పంపు బలహీనపడితే ట్రిమ్ పెరుగుతుంది గానీ గాలి లెక్క సరిగ్గానే వస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే గాలి తగ్గుతుంది గానీ, ఆ తగ్గిన గాలిని సెన్సార్ నిజాయితీగానే కొలుస్తుంది కాబట్టి ట్రిమ్ కదలదు. గాలి లెక్క తగ్గి, లోడ్ మీద ట్రిమ్ కూడా పెరిగితే కొలిచేదే అబద్ధమాడుతోందన్నమాట. ఇక్కడ ఆలస్యం మంచిది కాదు: ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు, ఈ గాలి లెక్కనూ అంతకుముందు నేర్చుకున్న ట్రిమ్‌నూ నమ్మే పెట్రోల్ పోస్తుంది. లెక్క తక్కువైతే లోడ్‌లో లీన్‌గా (పెట్రోల్ చాలకుండా) మండి పిస్టన్ల మీదికొస్తుంది.

కారణం నూనె పూసిన స్పోర్ట్స్ ఫిల్టర్. నూనె ఎక్కువైతే గాలితోపాటు వెళ్ళి వేడి ఫిల్మ్ మీద పొరగా పేరుకుంటుంది. పొర పడ్డాక గాలి ఎంత వీచినా ఫిల్మ్ వేడిని సరిగ్గా లాక్కోలేదు, అందుకే ఎక్కువ గాలి దగ్గరే తప్పు ఎక్కువ. ముందు కడిగి చూడమన్న సలహా పాటించాం: ఎయిర్ ఫ్లో సెన్సార్ల కోసమే అమ్మే స్ప్రే, ఓ పదిహేను సార్లు, దూది గానీ వేలు గానీ తగలకుండా. బ్రేక్ క్లీనర్, కార్బ్ క్లీనర్ వద్దేవద్దు. పూర్తిగా ఆరాక చూస్తే 1.09 కాస్తా 1.07 అయింది. ఇక మార్చక తప్పలేదు.

లోపలి ముక్క ఒక్కటే మార్చితే చాలు, గొట్టం అక్కర్లేదు. మధ్యలో కన్నమున్న టీ20 టార్క్స్ బిట్ కావాలి. మామూలు బిట్‌తో కుస్తీ పడితే బోల్టు తల అరుగుతుంది. ఓ-రింగ్ నలగకూడదు, బాణం గుర్తు ఇంజిన్ వైపుండాలి. బిగించాక నేర్చుకున్న ట్రిమ్‌ను స్కానర్‌తో చెరిపేయమన్న చిట్కా కూడా బెంగళూరు అన్నదే. లేకపోతే కొత్త సెన్సార్ నిజం చెప్పినా ఈసీయూ పాత అలవాటు కొద్దీ 16 శాతం ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆగి ఉన్నప్పుడు 1.00 వోల్ట్, 6,000 దగ్గర 130 గ్రాములు, ట్రిమ్ అన్నిచోట్లా 4 శాతం లోపే. ఎయిర్‌బాక్స్ తుడిచి పొడి కాగితం ఫిల్టర్ వేశాం.

తమ్ముడూ, స్మోక్ మెషీన్ గొట్టంతో సహా శుభ్రం చేసి ప్యాక్ చేశాం, ఎటు పంపాలో చెప్పు. అక్కా, పాతదీ కొత్తదీ రెండు లాగ్‌లూ మీరడిగినట్టు ఒకే షీట్‌లో పెట్టి పంపుతున్నాం. పాత సెన్సార్ కూడా దాచాం. చెడిపోయినది చూపించడానికి ఎవరికైనా కావాలంటే అడగండి, ఇచ్చేస్తాం.