ఓపీ చీటీ క్యూలో మొదలైన చదువు

ఒరేయ్ మామా,

ఫోన్లో హడావుడిగా చెప్పాను, నీకు సగమే అర్థమైంది. అందుకే తీరిగ్గా రాస్తున్నా. మొన్న అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తే ఓపీ చీటీ కోసమే గంట నిలబడ్డాం. పాపం, అమ్మ మోకాళ్లు పట్టుకుని గోడకి ఆనుకుని ఉండిపోయింది. కౌంటర్‌లో అమ్మాయిని అడిగితే, "ఒక్కొక్కరికి ఐదు నిమిషాలండీ, గంటకి పది మంది దాకా వస్తారు" అంది. అంటే గంటకి 12 చీటీలు రాయగలదు, వచ్చేది 10 మందే. మరి క్యూ ఎందుకుంది? ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. అలా పడ్డాను ఈ డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్‌లో, అంటే క్యూ లాంటివాటిని ఒక్కో సంఘటనగా లెక్కల్లో నడిపి చూడటంలో.

మొదట కంప్యూటర్ జోలికి పోలేదు. నోటుబుక్‌లో గళ్లు గీసుకుని చేత్తోనే నడిపాను. 9:00కి మొదటి మనిషి వచ్చాడు, అతనికి 7 నిమిషాలు పట్టింది. 9:02కి రెండో ఆయన వచ్చాడు. 9:07 దాకా ఆగాడు, ఆయన పని 4 నిమిషాలు. 9:03కి వచ్చినావిడ 9:11 దాకా నిలబడింది, ఆవిడకి 3 నిమిషాలు. నాలుగో మనిషి 9:20కి గానీ రాలేదు. చూశావా, గడియారం నిమిషం నిమిషం నడవదు. ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకి గెంతుతుంది. ఎవరో రావడం, ఎవరి పనో అయిపోవడం, అంతే. మధ్యలో ఏమీ మారదు కాబట్టి చూడక్కర్లేదు.

నా ప్రశ్నకి జవాబు ఆ గళ్లలోనే దొరికింది రా. 9:14 నుంచి 9:20 దాకా కౌంటర్ ఊరికే ఉంది. ఆ ఆరు నిమిషాల్ని దాచిపెట్టి, పది మంది ఒక్కసారి వచ్చి పడ్డప్పుడు వాడుకోలేం. పోయింది పోయినట్టే. అందరూ సరిగ్గా ఆరు నిమిషాలకొకరు వచ్చి, సరిగ్గా ఐదు నిమిషాల్లో వెళ్లిపోతే ఎవరూ ఒక్క క్షణం కూడా ఆగరు. కానీ మనుషులు అలా రారు కదా.

ఈ క్యూల లెక్క పాతదే. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన టెలిఫోన్ కాల్స్ మీద 1909లోనే రాశాడు. రాకల మధ్య విరామాలు, పని సమయాలు రెండూ ఎక్స్‌పొనెన్షియల్ (ఎక్కువగా చిన్నవి, అప్పుడప్పుడు బాగా పెద్దవి వచ్చే తీరు) అనుకుని, గంటకి 10 మంది వస్తే, దీర్ఘకాలంలో సగటు నిరీక్షణ 25 నిమిషాలు. 11 మంది వస్తే? 55 నిమిషాలు! ఒక్క మనిషి పెరిగితే రెట్టింపు దాటిపోయింది. ఇది చూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

తర్వాత పైథాన్‌లో సింపై అనే లైబ్రరీతో రాశాను. ప్రోగ్రామ్ రాయడం పెద్ద కష్టం కాదు, నీకైతే ఒక సాయంత్రం చాలు. అసలు కష్టం వచ్చిన అంకెని చదవడంలో ఉంది. ఒక రోజు నడిపితే సగటు 9 నిమిషాలొచ్చింది. సంబరపడ్డాను. సీడ్ (రాండమ్ నంబర్ల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె) మార్చి మళ్లీ నడిపితే 38! మోడల్ ఒకటే, రోజు వేరు. ఒక్క రన్ చూసి మాట్లాడటమంటే ఒక్క రోజు ఆసుపత్రికెళ్లి "ఇక్కడ క్యూ ఉండదు" అని చెప్పడమే.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్తా, నువ్వు చేయకు. ఒకే రన్‌లో వచ్చిన 80 మంది నిరీక్షణల్ని 80 వేర్వేరు నమూనాలనుకుని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) కట్టాను. భలే ఇరుకుగా వచ్చింది. కానీ ముందువాడు అరగంట ఆగితే వెనకవాడూ దాదాపు అంతే ఆగుతాడు కదా! అవి ఒకదానికొకటి కట్టేసినట్టున్న అంకెలు. అందుకే ఒక్కో రోజుని ఒక్కో అంకెగా తీసుకోవాలి. 20 రోజులు వేర్వేరు రాండమ్ నంబర్లతో నడిపి, ఆ 20 సగటుల మీద 2.093 అనే టీ విలువతో (నమూనాలు తక్కువున్నప్పుడు హద్దులు ఎంత వెడల్పుండాలో చెప్పే, పట్టికలో దొరికే అంకె) ఇంటర్వల్ కట్టాలి. ఈ టీ పద్ధతి డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ 1908లో "స్టూడెంట్" పేరుతో ఇచ్చింది. ఇంటర్వల్ సగం కావాలంటే రన్‌లు సుమారు నాలుగు రెట్లు పెంచాలి. అక్కడ అడ్డదారి లేదు.

వార్మప్ అని ఇంకోటుంది, అంటే ఖాళీగా మొదలైన మోడల్ మామూలు స్థితికి చేరేదాకా పట్టే సమయం. ఇరవై నాలుగ్గంటలూ నడిచే ఫ్యాక్టరీ లాంటివైతే మొదటి భాగం తీసేయాలి. మన ఓపీ పొద్దున్నే ఖాళీగా తెరుచుకుంటుంది కాబట్టి దాని అవసరం లేదు.

నాకు బాగా నచ్చింది పోలిక చేసే పద్ధతి. ఒక కౌంటర్ మేలా, రెండా అని చూడాలంటే రెండు మోడల్స్‌కీ అవే రాండమ్ నంబర్లు ఇవ్వాలి. అంటే అదే రోజు, అదే వరసలో అదే మనుషులు, అదే పని. తేడా కౌంటర్‌లోనే ఉంటుంది. ఆ వరసలో మా అమ్మ కూడా ఉన్నట్టే అనిపించింది రా.

అయితే నా మోడల్‌లో ఉన్నవన్నీ కౌంటర్ అమ్మాయి నోటిమాట అంకెలే. నిజంగా కొలవాలి. ఆసుపత్రి వాళ్లని అడిగాను, పేర్లు రాసుకోకపోతే అభ్యంతరం లేదన్నారు. వచ్చే సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకే అక్కడుంటా. సెలవు పెట్టి నువ్వూ రా. మనుషులు వచ్చే టైం నేను రాస్తా, చీటీ రాయడానికి పట్టే టైం నువ్వు రాయి. ఒక్కణ్ణే రెండూ చూడలేను. వాచీ తెచ్చుకో, సెకన్ల ముల్లు ఉన్నది.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ
మామ